కొండలమీది చంద్రుడు – తేదీ తెలిపిన ఛాయాచిత్రాలు

ఒక ఛాయాచిత్రాన్ని మన చేతికిచ్చి, దీనిని ఏ సంవత్సరంలో, ఏ నెలలో, ఏ రోజున, ఎన్ని గంటలకు తీశారో చెప్పమంటే చెప్పగలమా? చిత్రంలో మనుషులుంటే వారి దుస్తులను బట్టి, వాహనాలుంటే వాటి తీరును బట్టి ఏ దశాబ్దానికి చెందినదో ఊహించవచ్చు. కాని ముందు ఒక చిన్న పల్లె, వెనుక మంచు కొండలు, పైన చంద్రుడు మాత్రమే ఉన్న చిత్రంలో అట్టి ఆధారాలు దొరకవు. మనిషి జీవితకాలంలో కొండలు మారవు. చంద్రుడు నెలనెలా వస్తూనే ఉంటాడు. అయినా సరిగ్గా ఇటువంటి చిత్రానికే తేదీని, గంటను, నిమిషాన్ని కూడా నిర్ణయించడం సాధ్యమయింది. అందుకు సాక్ష్యమిచ్చినవాడు చిత్రంలోని చంద్రుడే.

ఈ చిత్రాన్ని తీసినవాడు అమెరికా దేశపు సుప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984). చిత్రం పేరు ‘చంద్రోదయం, హెర్నాండెజ్, న్యూమెక్సికో’. దీని కథలో ఛాయాగ్రహణ చరిత్ర, కాంతి శాస్త్రం, ఖగోళ గణితం మూడూ కలిసి ఉన్నాయి. ఆ కథను మొదటినుంచి తెలుసుకొందాం.

ఆకాశాన్ని చూడలేని పలకలు

ఫ్రాన్సు దేశస్థుడైన డాగెర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానం 1839లో లోకానికి వెల్లడి అయింది. మరుసటి సంవత్సరమే, 1840లో, న్యూయార్కు నగరంలో జాన్ విలియం డ్రేపర్ చంద్రుని ఛాయాచిత్రం తీశాడు. 1850 జూలై 17న హార్వర్డు వేధశాలలో బాండ్, విప్పిల్ అనువారు అభిజిత్ నక్షత్రాన్ని చిత్రించారు. సూర్యుడు కాక మరొక నక్షత్రాన్ని ఛాయాచిత్రంలో పట్టడం అదే మొదటిసారి.

అయితే ఇవన్నీ దూరదర్శిని ద్వారా తీసినవి. వీటిలో ఆకాశమే గాని భూమి లేదు. చంద్రుని, అతని క్రింద ఉన్న కొండను ఒకే చిత్రంలో చూపడం వేరొక సమస్య. ఆనాటి పలకలకు ఒక లోపం ఉండేది. అవి నీలం, ఊదా రంగుల కాంతికి మాత్రమే చలించేవి. పసుపు, ఎరుపు కాంతులు వాటికి చీకటితో సమానం. ఆకాశం నుంచి వచ్చేది ముఖ్యంగా నీలి కాంతి కదా! అందువల్ల కొండకు, చెట్టుకు చాలినంత కాంతి పలకమీద పడేసరికి ఆకాశం మితిమీరి తెల్లబోయేది. 1861లో కార్లటన్ వాట్కిన్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు చాలా పెద్ద గాజు పలకలను మోయించుకొనిపోయి అద్భుతమైన చిత్రాలు తీశాడు. వాటిలో శిలలు స్పష్టంగా ఉన్నాయి. ఆకాశం మాత్రం ఖాళీ కాగితంవలె ఉంటుంది. ఆ తెలుపులో లేత చంద్రుడు ఉన్నా కనిపించడు.

1873లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్, పలకకు కొన్ని రంగు పదార్థాలను చేర్చితే అది ఆకుపచ్చ కాంతికి కూడా చలిస్తుందని కనుగొన్నాడు. ఆ మార్గంలోనే ముందుకు సాగి, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అన్ని రంగులకూ చలించే పలకలు తయారయినాయి. దానితో ఛాయాగ్రాహకునికి కొత్త సాధనం చేతికి వచ్చింది. కటకం ముందు పసుపుపచ్చని గాజు బిళ్లను, అనగా ఫిల్టరును, ఉంచితే అది నీలి కాంతిని కొంతవరకు ఆపివేస్తుంది. ఆకాశం చిత్రంలో ముదురుగా వస్తుంది. ఎర్ర ఫిల్టరు ఉంచితే ఇంకా ముదురుగా వస్తుంది. చంద్రుని కాంతి కొంచెం పసుపు ఛాయ గలది గనుక అంతగా తగ్గదు. ముదురు ఆకాశంలో తెల్లని చంద్రుడు నిలిచి కనిపిస్తాడు.

ఆడమ్స్ 1916లో, 14 ఏండ్ల వయస్సులో, తల్లిదండ్రులతో యోసెమిటీ వెళ్లి అక్కడ ఒక చిన్న కొడక్ బ్రౌనీ కెమెరాతో చిత్రాలు తీయడం మొదలుపెట్టాడు. 1927 ఏప్రిల్ 10న హాఫ్ డోమ్ అనే మహాశిలను మొదట పసుపు ఫిల్టరుతో తీశాడు. తాను అనుభవించిన గాంభీర్యం అందులో రాదని తోచి, మిగిలిన పలకమీద ముదురు ఎర్ర ఫిల్టరుతో మళ్లీ తీశాడు. రెండవదానిలో ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. పగటి ఆకాశాన్ని చిత్రంలో రాత్రివలె చూపవచ్చునని ఆయనకు ఆనాడే తెలిసింది.

రాత్రి అనిపించే సాయంకాలం

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కొండలమీద వెలుగుతున్న చంద్రుని ప్రసిద్ధ చిత్రాలు చాలావరకు నడిరాత్రి తీసినవి కావు; సాయంకాలం తీసినవి.

చంద్రుడు స్వయంప్రకాశం గలవాడు కాడు. మనకు కనిపించే చంద్రబింబం ఎండలో ఉన్న ఒక బూడిదరంగు రాతి నేల. తనమీద పడిన సూర్యకాంతిలో అది సుమారు 12 శాతాన్ని మాత్రమే తిరిగి వెదజల్లుతుంది. అయినా ఎండలో ఉన్న రాయి ఎండలో ఉన్న రాయే. మన ఊరి కొండమీద మధ్యాహ్నం ఎండలో ఉన్న నల్లని బండను చిత్రించడానికి ఎంత కాంతి లెక్క కావాలో, చంద్రబింబానికి కూడా ఇంచుమించు అంతే కావాలి. కాని ఆ చంద్రుని వెన్నెలలో ఉన్న కొండ సంగతి వేరు. నిండు పున్నమి వెన్నెల సూర్యకాంతిలో సుమారు నాలుగు లక్షలవ వంతు మాత్రమే. ఇంత హెచ్చుతగ్గులను ఒకే ఫిల్ము పట్టలేదు. కొండ కనిపించేవరకు కాంతిని పడనిస్తే చంద్రుడు తెల్లని మచ్చ అయిపోతాడు; చంద్రునిలోని మరకలు కనిపించేటట్లు తీస్తే కొండ చీకటిలో మునిగిపోతుంది.

ఈ రెండింటికీ పొత్తు కుదిరే సమయం సూర్యాస్తమయానికి కొంచెం ముందూ వెనుకా వచ్చే కొద్ది నిమిషాలు. అప్పుడు నేలమీద వెలుతురు తగ్గి చంద్రబింబపు వెలుగుకు దగ్గరగా వస్తుంది. ఆ సమయానికి చంద్రుడు తూర్పు కొండమీదికి వచ్చి ఉండాలంటే అది పున్నమికి ఒకటి రెండు రోజుల ముందు కావాలి. నెలలో ఇటువంటి సాయంకాలాలు రెండో మూడో ఉంటాయి. వాటిలో మబ్బులేనిది ఒకటి దొరికితే అదృష్టమే.

హెర్నాండెజ్‌లో ఒక సెకను

1941లో అమెరికా ప్రభుత్వపు అంతర్గత వ్యవహారాల శాఖ, దేశంలోని జాతీయ వనాలను చిత్రించే పనిని ఆడమ్స్‌కు అప్పగించింది. ఆ సంవత్సరం శరదృతువులో ఆయన తన కుమారుడు మైఖేల్‌తోను, మిత్రుడు సెడ్రిక్ రైట్‌తోను కలిసి నైరుతి రాష్ట్రాలలో కారుమీద తిరుగుతున్నాడు. ఒక సాయంకాలం శాంతా ఫే నగరానికి తిరిగి వస్తూ హెర్నాండెజ్ అనే పల్లెను దాటుతుండగా ఎడమవైపు ఒక దృశ్యం కనిపించింది. మట్టి ఇళ్లు, చిన్న ప్రార్థనా మందిరం, దాని ప్రక్కన శ్మశానం. పడమట వాలిన సూర్యుని కాంతికి శ్మశానంలోని శిలువలు తెల్లగా మెరుస్తున్నాయి. వెనుక సాంగ్రె ద క్రీస్తో పర్వతశ్రేణి మంచు శిఖరాలు, వాటిపైన చంద్రుడు.

ఆడమ్స్ కారు ఆపి, 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు గల ఫిల్ముతో పనిచేసే పెద్ద కెమెరాను తొందరగా నిలబెట్టాడు. కాంతిని కొలిచే మీటరు ఎక్కడ పెట్టాడో కనబడలేదు. సూర్యుడు మబ్బుల వెనుకకు జారిపోబోతున్నాడు. అప్పుడు ఆయనకు ఒక సంఖ్య జ్ఞాపకం వచ్చింది: చంద్రబింబపు ద్యుతి చదరపు అడుగుకు 250 క్యాండిళ్లు.

ఆ సంఖ్యతో ఆయన చేసిన లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా అర్థమవుతుంది. ఆడమ్స్ తన మిత్రుడు ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి అంతకు కొద్దికాలం ముందే ‘జోన్ పద్ధతి’ అనే విధానాన్ని రూపొందించాడు. నలుపు మొదలు తెలుపు వరకు గల ఛాయలను మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టుకు కాంతి రెట్టింపు అవుతుందని ఆ విధానం చెబుతుంది. అయిదవ మెట్టు నడిమి బూడిదరంగు. చంద్రుడు బాగా తెల్లగా, కాని మరకలు చెరిగిపోకుండా రావాలంటే అతనిని ఏడవ మెట్టుమీద ఉంచాలి. ఏడవ మెట్టు 250 అయితే అయిదవ మెట్టు అందులో నాలుగవ వంతు, అనగా ఇంచుమించు 60. ఆయన వాడిన ఫిల్ము వేగం 64. ఆ 64కు వర్గమూలం 8. కటకపు రంధ్రాన్ని ఎఫ్/8 వద్ద ఉంచితే కాంతి పడవలసిన కాలం సెకనులో 60వ వంతు. ఆయన ముదురు పసుపు ఫిల్టరు వాడాడు. అది కాంతిని మూడవ వంతుకు తగ్గిస్తుంది గనుక కాలం మూడు రెట్లు, అనగా సెకనులో 20వ వంతు. దగ్గరి పొదలు మొదలు దూరపు శిఖరాలవరకు అన్నీ స్పష్టంగా రావడానికి రంధ్రాన్ని ఎఫ్/32 వరకు కుదించాడు. 8కి 32 నాలుగు రెట్లు. రంధ్రపు వైశాల్యం 16 రెట్లు తగ్గుతుంది. అందువల్ల కాలం 16 రెట్లు పెరగాలి. ఇరవయ్యవ వంతుకు పదహారు రెట్లంటే 0.8 సెకను. ఆయన ఒక సెకను ఇచ్చాడు.

ఆ సెకనులో చంద్రుడు కదలలేదా? కదిలాడు. భూభ్రమణం వల్ల చంద్రుడు ఆకాశంలో తన వ్యాసమంత దూరం జరగడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి ఒక సెకనులో జరిగేది తన వ్యాసంలో 120వ వంతు. ఆ కెమెరాలోని 23 అంగుళాల కటకం ఫిల్ముమీద ఏర్పరచిన చంద్రబింబం సుమారు 5 మిల్లీమీటర్లు. అందులో 120వ వంతును కన్ను పట్టలేదు.

భద్రత కోసం రెండవ చిత్రం తీయాలని ఆడమ్స్ ఫిల్ము పెట్టెను త్రిప్పి అమర్చుతుండగానే శిలువల మీదినుంచి ఎండ తొలగిపోయింది. మిగిలినది ఒకే ఒక నెగెటివు. దానినుంచి ఆయన తరువాతి దశాబ్దాలలో ఎన్నో వందల ప్రతులు ముద్రించాడు. తొలి ప్రతులలో ఆకాశం కొంత లేతగా, మబ్బు చారలతో ఉండేది. ఏండ్లు గడిచినకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా ముద్రిస్తూ వచ్చాడు. ముందు భాగం పలుచగా ఉన్నదని 1948లో నెగెటివులోని ఆ భాగాన్ని రసాయనంతో గాఢపరచాడు కూడా. ఈనాడు మనం చూసే చిత్రంలో ఆకాశం కాటుక నలుపు. అది చూసినవారు రాత్రి చిత్రమని భ్రమిస్తారు. ఆ రాత్రి న్యూమెక్సికోలో కాక చీకటిగదిలో తయారయింది.

మరచిపోయిన తేదీ

ఆడమ్స్ ఈ చిత్రపు కాంతి లెక్కను జీవితాంతం మరువలేదు. కాని తేదీని వ్రాసుకోలేదు. వివిధ ప్రచురణలలో ఈ చిత్రానికి 1940 మొదలు 1944 వరకు వేరువేరు సంవత్సరాలు కనిపిస్తాయి. 1943 సంవత్సరపు ‘యు.ఎస్. కెమెరా’ వార్షిక సంచికలో అది అచ్చయింది గనుక అంతకు తరువాతి సంవత్సరాలు పొసగవు. కాని అంతకంటె నిష్కర్షగా చెప్పేవారు లేకపోయారు.

తేదీ తెలియకపోతే వచ్చిన నష్టం ఏమిటని అడగవచ్చు. నష్టం ఉన్నది. ప్రభుత్వం ఆడమ్స్‌కు పనిచేసిన రోజుల లెక్కన జీతం ఇచ్చేది. తన సొంత ఫిల్ముతో, తన సొంత సమయంలో తీసుకొన్న చిత్రాలు ఆయనవి. ప్రభుత్వపు పని దినాలలో శాఖ కోసం తీసినవి ప్రభుత్వానివి. ఆడమ్స్ ప్రయాణపు ఖర్చులకు జాగ్రత్తగా లెక్క వ్రాసేవాడు గాని చిత్రాలకు తేదీలు వ్రాసేవాడు కాడు. అందుచేత లోకప్రసిద్ధి పొందిన ఆ చిత్రం ఎవరిదనే ప్రశ్నకు జవాబు ఒక తేదీమీద ఆధారపడి ఉన్నది. తీసినవానికి జ్ఞాపకం లేదు. కాగితాలలో లేదు. ఇక మిగిలిన సాక్షి చంద్రుడు.

చంద్రుడు గడియారం అయ్యే విధం

చిత్రంలోని చంద్రుని నుంచి కాలాన్ని ఎట్లా రాబడతారు? అందులో నాలుగు మెట్లున్నాయి.

మొదటిది, కెమెరా నిలిచిన చోటును కనిపెట్టడం. దగ్గరి వస్తువులు, దూరపు శిఖరాలు చిత్రంలో ఒకదానికొకటి ఏ వరుసలో ఉన్నాయో చూస్తారు. నాలుగడుగులు ప్రక్కకు జరిగితే ప్రార్థనా మందిరపు కప్పు వెనుక ఉన్న శిఖరం మారిపోతుంది. ఆ వరుసలన్నీ సరిపోయే చోటు ఒక్కటే ఉంటుంది.

రెండవది, చంద్రుని స్థానాన్ని కొలవడం. పటంలో శిఖరాల దిక్కులు, ఎత్తులు తెలుసు. వాటితో పోల్చి చంద్రుడు ఏ దిక్కున, క్షితిజానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నాడో కనుగొంటారు. దిక్కును దిగంశమనీ, ఎత్తును ఉన్నతాంశమనీ అంటారు. కొండలు ఇక్కడ అందానికి మాత్రమే ఉన్నవి కావు. అవి ఆకాశానికి గీసిన కొలబద్ద.

మూడవది, చంద్రుని కళను చూడడం. బింబంలో ఎంత భాగం వెలుగుతున్నది, చీకటి అంచు ఏ వైపున ఉన్నది అనేవి చూస్తే అది ఏ పక్షమో, పున్నమికి ఎన్ని రోజుల దూరమో తెలుస్తుంది. నెలలోని మిగిలిన రోజులన్నీ దీనితో తొలగిపోతాయి.

నాలుగవది, నీడలు. నీడలు సూర్యుని స్థానాన్ని తెలుపుతాయి. సూర్యుని దిక్కు కాలంతోబాటు, ఋతువుతోబాటు మారుతుంది. చంద్రుడు చెప్పినది సూర్యుడు ఒప్పుకోవాలి.

ఇవి కాక చంద్రుని మార్గం సూర్యుని మార్గానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నది. ఆ రెండు మార్గాలు ఖండించుకొనే బిందువులను మన జ్యోతిషంలో రాహుకేతువులు అంటారు. ఈ బిందువులు 18.6 సంవత్సరాలకు ఒక చుట్టు తిరుగుతాయి. అందువల్ల ఒకే నెలలో, ఒకే తిథినాడు కూడా చంద్రుడు ప్రతి సంవత్సరం ఒకేచోట ఉదయించడు; కొన్నేండ్లు ఉత్తరానికి, కొన్నేండ్లు దక్షిణానికి జరుగుతాడు. ఏ సంవత్సరమో నిర్ణయించడానికి ఇది తోడ్పడుతుంది.

రెండు లెక్కలు, ఒక రోజు తేడా

ఛాయాగ్రహణ చరిత్రకారుడు బోమాంట్ న్యూహాల్ కోరికమీద, కొలరాడో రాష్ట్రంలోని బోల్డరు నగరపు హై ఆల్టిట్యూడ్ వేధశాలకు చెందిన డేవిడ్ ఎల్మోర్ ఈ లెక్కను 1981లో కంప్యూటరు సహాయంతో చేశాడు. ఆయనకు వచ్చిన జవాబు: 1941 అక్టోబరు 31, సాయంత్రం 4 గంటల 3 నిమిషాలు.

పదేండ్ల తరువాత ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రికకు చెందిన డెన్నిస్ డి సిక్కో ఆ లెక్కను పరీక్షించి చూశాడు. అతనికి అది సరిపోయినట్లు కనబడలేదు. అతడు హెర్నాండెజ్ వెళ్లి కెమెరా నిలిచిన చోటును వెదికాడు. అది ఈనాటి రహదారి మీద కాక పాత రోడ్డు అంచున ఉన్నదని తేల్చాడు. 1991లో అతడు ప్రకటించిన జవాబు: 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకన్లు. మన పంచాంగం ప్రకారం అది కార్తీక శుద్ధ పక్షం. పున్నమికి ఇంకా రెండు రోజులున్నది. నవంబరు 1వ తేదీకి ఆడమ్స్ ప్రభుత్వంనుంచి జీతం కోరలేదు. కాబట్టి చిత్రం ఆయనదే. ఈ సంగతి తేలేనాటికి ఆయన చనిపోయి ఏడేండ్లు అయింది.

ఈ రెండు జవాబుల మధ్య తేడాను పరిశీలిస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. అక్టోబరు 31న 4 గంటల 3 నిమిషాలకు, నవంబరు 1న 4 గంటల 49 నిమిషాలకు మధ్య 24 గంటల 46 నిమిషాలున్నది. చంద్రుడు సగటున రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యంగా ఉదయిస్తాడని మనకు తెలుసు. అనగా ఆ రెండు జవాబుల మధ్య ఎడం ఇంచుమించు ఒక ‘చాంద్ర దినం’. చంద్రుని ఎత్తు ఒక్కటే చూచినట్లయితే ఇటువంటి రెండు సాయంకాలాలను వేరు చేయడం కష్టం. కొండల వరుసమీద చంద్రుడున్న దిక్కు, ఒక రోజుకు పెరిగే కళ, 46 నిమిషాలలో సాగే నీడ – ఇవన్నీ కలిపి చూస్తేనే నిజం తేలుతుంది. ఒక పరిశోధకుని జవాబును మరొకరు మళ్లీ పరీక్షించడం శాస్త్రంలో అగౌరవం కాదు. ఆ పరీక్ష జరగకపోతే ఈనాటికీ పుస్తకాలలో తప్పు తేదీయే నిలిచి ఉండేది.

గ్లేసియర్ పాయింటు – 57 సంవత్సరాలు

ఆడమ్స్ చిత్రాలలో ఇటువంటి పరిశోధనకు లోనైనది ఇది ఒక్కటే కాదు. టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన డొనాల్డ్ ఓల్సన్ తన విద్యార్థులను వెంటబెట్టుకొని ఇంకా కొన్ని చిత్రాలను పరిశీలించాడు. హాఫ్ డోమ్ శిలపైన చంద్రుడున్న ప్రసిద్ధ చిత్రం 1960 డిసెంబరు 28 సాయంత్రం 4 గంటల 14 నిమిషాలకు తీసినదని వారు కనుగొన్నారు. యోసెమిటీలోని గ్లేసియర్ పాయింటు అనే ఎత్తయిన కొండకొమ్ము మీదినుంచి తీసిన ‘శరచ్చంద్రుడు’ అనే చిత్రం తేదీ 1948 సెప్టెంబరు 15, సాయంత్రం 7 గంటల 3 నిమిషాలని 2005లో ప్రకటించారు. ఇది వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపే కాలమానం ప్రకారం చెప్పినది. అప్పటికి సూర్యుడు అస్తమించబోతున్నాడు.

వారు అంతటితో ఆగలేదు. అదే చంద్రుడు అదే కొండలమీద అదే వెలుగులో మళ్లీ ఎప్పుడు కనిపిస్తాడని లెక్క వేశారు. 2005 సెప్టెంబరు 15 సాయంకాలం అని తేలింది. సరిగ్గా 57 సంవత్సరాల తరువాత, అదే నెల, అదే తేదీ! ఆ సాయంకాలం గ్లేసియర్ పాయింటుకు వందలమంది చేరి, ఆడమ్స్ చూచిన దృశ్యాన్ని తామూ చూచారు.

ఈ 57లోని రహస్యం తెలుగువారికి కొత్తది కాదు. తిథినిబట్టి, తేదీనిబట్టి రెండుసార్లు పుట్టినరోజు జరుపుకొనే ఇళ్లలో, 19వ ఏట ఆ రెండూ ఒకే రోజున గాని ఒక రోజు తేడాతో గాని వస్తాయని పెద్దలు చెబుతారు. 38వ ఏట మళ్లీ, 57వ ఏట మళ్లీ అట్లే జరుగుతుంది. కారణం ఏమనగా, 19 సౌర సంవత్సరాలు సుమారు 6,939.60 రోజులు, 235 చాంద్ర మాసాలు సుమారు 6,939.69 రోజులు. రెండింటికీ తేడా సుమారు రెండు గంటలే. 19 సంవత్సరాలకు 12 చొప్పున 228 నెలలు. మిగిలిన 7 నెలలే మన పంచాంగంలో అధిక మాసాలు. గ్రీకులలో మెటన్ అనువాడు క్రీ.పూ. 432లో ఈ చక్రాన్ని ప్రకటించాడు గనుక పాశ్చాత్యులు దీనిని మెటన్ చక్రం అంటారు.

1948లోను, 2005లోను సెప్టెంబరు 15 భాద్రపద శుద్ధంలోనే వచ్చింది; పున్నమికి రెండు మూడు రోజుల ముందు. 57 అనగా మూడు మెటన్ చక్రాలు. రాహుకేతువుల 18.6 సంవత్సరాల చుట్లు కూడా 57 ఏండ్లలో మూడింటికి కొంచెం మించి పూర్తవుతాయి. ఈ రెండు చక్రాలూ ఇంచుమించుగా కలవడంవల్లనే చంద్రుడు అదే కళతో, కొండలమీద దాదాపు అదే చోటికి తిరిగి వచ్చాడు. 

మనం చేయదగిన పని

ఆకాశ చిత్రాలకు తేదీ ఎంత అవసరమో మన ప్రాంతంలోని శాస్త్రజ్ఞులు చాలాకాలం క్రిందటనే గ్రహించారు. 1887లో పారిస్ నగరంలో మొదలైన అంతర్జాతీయ నక్షత్ర పట నిర్మాణంలో హైదరాబాదులోని నిజామియా వేధశాల పాలుపంచుకొని, 20వ శతాబ్దపు పూర్వభాగంలో తన వంతుకు వచ్చిన ఆకాశ భాగాన్ని ఛాయాచిత్రాలుగా తీసి, లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి ప్రచురించింది. నక్షత్రాలు కూడా బహుస్వల్పంగా కదులుతాయి. ఆ కదలికను తెలుసుకోవాలంటే పాత చిత్రాన్ని కొత్త చిత్రంతో పోల్చాలి. పోల్చాలంటే పాతది ఎప్పటిదో తెలియాలి. తేదీలేని నక్షత్ర చిత్రం లెక్కకు పనికిరాదు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో నోటిమాటగా చెప్పడం కంటె ప్రయోగంగా చేయించడం మేలు. తూర్పున కొండగాని, గుట్టగాని, కనీసం ఒక గుడి గోపురంగాని కనిపించే చోటును ఎన్నుకొని అక్కడ ఒక గుర్తు పెట్టండి. ప్రతి నెల పున్నమికి ముందురోజు సాయంకాలం అదే గుర్తుమీద నిలిచి, చంద్రుడు కొండపైకి వచ్చినపుడు చిత్రం తీయించండి. సెల్‌ఫోను కెమెరాతో చంద్రుడు చాలా చిన్నగా వస్తాడు. చిత్రపు వెడల్పులో సుమారు 150వ వంతు మాత్రమే. అయినా కొండతో పోల్చి స్థానాన్ని గుర్తించడానికి అది చాలు. చలికాలపు పున్నమి చంద్రుడు ఈశాన్యంవైపుకు, వేసవి పున్నమి చంద్రుడు ఆగ్నేయంవైపుకు జరిగి ఉదయించడం విద్యార్థులు తమ కళ్లతో చూస్తారు. సూర్యుని రాకపోకలకు ఇది తలక్రిందులుగా ఉండడానికి కారణమేమిటో వారినే ఆలోచించమనండి.

చిత్రంతోపాటు తేదీ, సమయం, నిలిచిన చోటు, తీసినవారి పేరు ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. ఫోను తేదీని తానే గుర్తుంచుకొంటుంది గదా అని ఊరుకోరాదు. చిత్రాన్ని ఒకరినుంచి ఒకరికి పంపేటప్పుడు ఆ వివరాలు తరచుగా రాలిపోతాయి. ఫోను గడియారమే తప్పుగా ఉండవచ్చు. సంవత్సరం చివర ఒక ఆట ఆడవచ్చు: ఒక జట్టు తేదీలు దాచి చిత్రాలు మాత్రమే చూపాలి, రెండవ జట్టు చంద్రుని కళను, కొండమీద స్థానాన్ని చూచి, పంచాంగం సహాయంతో ఏ నెల చిత్రమో చెప్పాలి. ఎల్మోర్, డి సిక్కో, ఓల్సన్ చేసిన పని స్వరూపం ఇదే. వారి సాధనాలు సూక్ష్మమైనవి. పద్ధతి మాత్రం ఇదే.

ఆడమ్స్ చంద్రుని వెలుగును సంఖ్యగా జ్ఞాపకం ఉంచుకొన్నాడు గనుక, మీటరు దొరకకపోయినా చిత్రం దక్కింది. చంద్రుని గమనం సంఖ్యలకు లోబడినది గనుక, 50 ఏండ్ల తరువాత దాని తేదీ కూడా దక్కింది. కాని ఆనాడు ఒక పెన్సిలుతో ఒక పంక్తి వ్రాసి ఉంటే ఇంత శ్రమ అవసరమయ్యేది కాదు. చంద్రుడు లేని చిత్రాలు మన ఇళ్లలో, బడులలో ఎన్నో ఉన్నాయి. వాటి తేదీలను మనం వ్రాయకపోతే చెప్పగల సాక్షి ఆకాశంలో కూడా ఉండడు.